కేసరిలో కేంద్రకం

ఆ రోజుల్లో నాకు లోకానికంతా సైన్సు నేర్పేస్తాననే ధీమా ఉండేది. బి.ఎడ్. పూర్తికాగానే అరవనాట వ్యాసర్పాడిలో ఒక తెలుగు మీడియం బడిలో చేరాను. చిక్కల్లా ఏందంటే, నేను చదివింది ఇంగ్లీషులో, కొట్లాడేది అరవంలో. తెలుగు మా అవ్వతో మాట్లాడేదానికి మాత్రమే. (అవ్వ తెలుగులో 'అంతర్జీవ ద్రవ్యజాలం' అనే మాట లేదు మరి.) తొమ్మిదో తరగతికి కణం పాఠం మొదలుపెట్టానో లేదో, నేను తడబడతా ఉంటే పిల్లలు ఆవలిస్తా ఉన్నారు. అంతలో పెద్ద టీచరమ్మ పిలిచి, "శనివారం పేరెంట్స్ మీటింగు. ఇంకో నలుగురు టీసీ తీసుకున్నారంటే నీ సెక్షన్ ఉండదమ్మా" అని మెల్లగా చెప్పింది.

ఆ రాత్రి అవ్వ కేసరి కలుపుతుంటే చూసి, దాంతోనే కణం చేస్తే పిల్లలు మరిచిపోరనిపించింది. శనివారం పొద్దున్నే పెద్ద తాంబాళం నిండా కేసరి పరిచాం. శక్తినిచ్చే మైటోకాండ్రియాకు ఖర్జూరాలు, చెత్తను అరిగించే లైసోజోములకు ఎండుద్రాక్ష, ఆ నోరు తిరగని ద్రవ్యజాలానికి సేమ్యా. "నడుమ కేంద్రకం పెట్టాలవ్వా" అన్నాను.

"అదేం చేస్తాదే?"

"కణంలో ఏ పని ఎట్ల జరగాలో చెప్తాది."

"అంటే ఆడ గూడ నా మాదిరి ఒకతి ఉండాదన్నమాట" అని తృప్తిగా ఒక లడ్డు పెట్టింది.

తాంబాళం క్లాసులో పెట్టి, ఏ భాగం ఏం చేస్తుందో పిల్లలకు ఒకసారి చెప్పి, పెద్దవాళ్ళను పిలుచుకురావడానికి వెళ్ళాను. వాళ్ళను వెంటబెట్టుకొని తిరిగొచ్చేసరికి తాంబాళం తళతళా మెరుస్తోంది. పిల్లల మూతులు అంతకంటే మెరుస్తున్నాయి.

"ఏదమ్మా మీ కణం?" అంది పెద్ద టీచరమ్మ. నేను కొంగు నలుపుకుంటూ నిలబడ్డాను.

అప్పుడు లేచింది, క్లాసులో ఎన్నడూ నోరు విప్పని పిల్ల. వాళ్ళ నాయన రైల్వే యార్డులో మూటలు మోస్తాడు. ఆ రోజు టీసీ అడగడానికే వచ్చాడు. "నేను మైటోకాండ్రియా తిన్నా టీచర్. అది కణానికి శక్తి ఇస్తాది" అంది. ఇంకొకడు లేచి, తాను లైసోజోములు తిన్నానని, అవి చెత్తను అరిగిస్తాయని చెప్పాడు. కేంద్రకం ఎవరు తిన్నారో మాత్రం తేలలేదు. "సరే, కేంద్రకం పోతే కణం ఏమైతాది?" అని పెద్ద టీచరమ్మే అడిగింది.

"ఏం చేయాలో తెలీక మా టీచర్ మాదిరి నిలబడిపోతాది" అన్నాడు వెనక బెంచీవాడు.

అందరూ నవ్వారు. ఆ నాయన మాత్రం కూతుర్నే చూస్తున్నాడు. "ఇదంతా మన ఒంట్లో ఉండాదా పాపా?"

"నీ ఒంట్లో గూడ ఉండాది నాయనా."

ఆయన తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఈడనే చదవనీండి టీచర్" అని, పోతా పోతా, "నాకూ రవ్వంత మిగిల్చుండొచ్చు" అన్నాడు.

ఆ ఏడు సెక్షన్ నిలిచింది. ఇప్పుడు తెర మీద కణాన్ని తిప్పి చూపిస్తున్నాను, నా తెలుగు కూడా గాడిన పడింది. అయినా అప్పుడప్పుడు, కొంగు నలుపుకుంటూ నిలబడ్డ ఆనాటి చిన్న టీచరు దగ్గరకు పోయి "కంగారుపడబాకమ్మాయ్, బాగానే చెప్పినావు" అనాలనిపిస్తుంది. నమ్మదులెండి. పెద్దవాళ్ళ మాట వినే వయసు కాదు దానిది.