చివరి పేజీ ముందే చెప్పే టీచరు

వీధిలో చేపలామె గంప దించితే ఆ వాసన మెట్లెక్కి మా రెండో అంతస్తు దాకా వచ్చేస్తుంది. సీతమ్మధారలో పక్కవాటావాళ్ళు వెంటనే కిటికీలు మూసుకుంటారు. నేను మూయను. ఈ ఉదయం నా ఒళ్ళో కొత్త పుస్తకం ఒకటి సగంలో తెరిచి ఉంది. పచ్చి కానాగడత చేపల వాసనా కొత్త కాగితం వాసనా కలిసి ముక్కుకి తగిలితే నాకు గుర్తొచ్చేది ఒక్క మనిషే, మెహరున్నీసా టీచర్. జాలరిపేట పిల్లలకి ఆ పేరు నోరు తిరగక మేరమ్మ టీచర్ అని పిలిచేవాళ్ళం. ఆవిడా అదే తన పేరన్నట్టు పలికేవారు.

నేను నర్సుని. డ్యూటీ లేని పూట చదివినవాటి గురించి రాసుకుందామని ఈ మధ్యే ఒక బ్లాగు పెట్టాను. హైస్కూలు, ఇంటర్ పిల్లల కోసం వచ్చే నవలలు, ఇప్పుడందరూ యంగ్ అడల్ట్ అంటున్నారే, అవి. చూసేది కొద్దిమంది. వాళ్ళలోనూ సగం మంది నన్ను తిట్టడానికే వస్తారు. ఎందుకంటే నేను మొదటి వాక్యంలోనే ముగింపు చెప్పేస్తాను. ఎవరు పోతారో, ఎవరు తిరిగి రారో ముందు అది రాసి, మిగతా కబుర్లు తర్వాత. 'కొంచెం బుర్ర ఉంటే స్పాయిలర్ అని పైన పెట్టండి మేడమ్' అని ఒకాయన రాశాడు. బుర్ర ఉండే రాస్తున్నాను నాయనా అనుకున్నాను. ఈ ఉదయం వచ్చింది మాత్రం తిట్టు కాదు. ఎవరో అమ్మాయి. 'అక్కా, మీరు చదువుతున్నానని ఫోటో పెట్టారు కదా, ఆ పుస్తకంలో తప్పిపోయిన అన్న తిరిగొస్తాడా? మా అన్నయ్య ఈమధ్యే చనిపోయాడు. వచ్చేసేలా ఉంటే నేను చదవలేను.' ఇంకా సగమే అయింది, సాయంత్రం చెప్తానమ్మా అని జవాబు రాశాను. ఆ పిల్ల అడిగిన ప్రశ్న నన్నెవరూ ముందే అడగనివ్వలేదు, ఆ వయసులో నాకు అడగాలనీ తెలియదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న చేపల వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. పడవ భీమిలి వైపు ఖాళీగా దొరికింది. మనిషి దొరకలేదు. నేను బడికైతే వెళ్ళేదాన్ని గానీ నోరు విప్పేదాన్ని కాదు. మేరమ్మ టీచర్ మాకు సోషల్ చెప్పేవారు. స్టాఫ్‌రూములో ఒక ఇనుప బీరువా, అందులో ఆవిడ ఊళ్ళోనే పాతపట్నంలో ఉన్న తన ఇంటి నుంచి సంచిలో మోసుకొచ్చిన కథల పుస్తకాలు. మా బడికి అదే లైబ్రరీ. ఒకరోజు నన్ను పిలిచి ఒక పుస్తకం చేతిలో పెట్టారు. "సముద్రం కథే పిల్లా. మీవోళ్ళ మాటల్లాగే ఉన్నాయి. సదువుకో" అన్నారు. మా ఇంట్లో పుస్తకానికి చేపల కంపు పడుతుందని నేను వెనక్కి జరిగాను. ఆవిడ పుస్తకాన్ని నా సంచిలోకి తోసేస్తూ, "పడితే పట్టనీ. మీ ఇంటికెళ్ళొచ్చిందని మాకు తెలవద్దేటి" అన్నారు. చాలారోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది.

ఆ పుస్తకంలోనూ ఒక జాలరి సముద్రంలో తప్పిపోతాడు. ఊరంతా ఆశ వదిలేస్తుంది. కూతురొక్కతే వదలదు. చివరి పేజీలో అతను గడ్డం పెరిగిపోయి, ఇసకలో నడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి కూతుర్ని పేరు పెట్టి పిలుస్తాడు. మా అమ్మకి చదువు రాదు. సాయంత్రాలు ఆవిడ చెల్లిని ఒళ్ళో వేసుకుని కూర్చుంటే నేను పైకి చదివి వినిపించేదాన్ని. చివరి పేజీ అయ్యాక అమ్మ "మళ్ళీ సదువు" అంది. మళ్ళీ చదివాను. అమ్మ ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టి, "సూసినావా, అచ్చేసినారు. అబద్దమైతే అచ్చెందుకేత్తారు" అంది. నాకూ నిజమే అనిపించింది. మా ఇంట్లో అచ్చులో ఉండేవి రేషన్ కార్డు, దేవుడి క్యాలెండరు, నా పాఠాల పుస్తకాలు. వాటిలో ఏదీ ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు మరి.

ఆ మర్నాటి నుంచి అమ్మ చేపలమ్మే గంప ఎత్తడం మానేసింది. తెల్లారగానే వెళ్ళి ఒడ్డున కూర్చునేది. నాన్నకి అన్నం పక్కన తీసిపెట్టేది, చెల్లి ఆకలని ఏడ్చినా ఆ కంచం ముట్టనిచ్చేది కాదు. పేట పెద్దలు వచ్చారు. శరీరం దొరకనివాళ్ళకి గడ్డితో మనిషి బొమ్మ చేసి, దాన్నే కాల్చి కర్మ జరిపించడం మావాళ్ళ పద్ధతి. అది అయిపోతే ఏడ్చి లేచి పనిలో పడతారు. "మా ఆయన వత్తాడు. పాప సదివింది" అని అమ్మ వాళ్ళని గుమ్మంలోంచే పంపేసింది. పక్కింటివాళ్ళు ఎన్నాళ్ళని పెడతారు? చెల్లి చిక్కిపోయింది. నేను మాత్రం గంతులేసుకుంటూ బడికెళ్ళి, "టీచర్, మా నాన్న వచ్చేత్తాడు. మీ పుస్తకంలో వచ్చినాడు" అని చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ పుస్తకం లాక్కుని, నిలబడే చివరి పేజీలు తిప్పారు. మొదటి పేజీలు చూసి బాగుందనుకుని ఇచ్చేశారట, చివర ఏముందో చదవనేలేదు. ఆవిడ మొహం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రమే మా పేటకి వచ్చారు. నల్ల బురఖా, చేతిలో చెప్పులు. ఒడ్డున అమ్మ ఎదురుగా ఇసకలో చతికిలబడ్డారు.

"అమ్మా, ఆ పుస్తకం నాను సివరిదాకా సదవకుండా ఇచ్చినాను. అది కథ. రాసినాయన ఎక్కడో కూర్సుని రాసుకున్నాడు. మీ ఆయన సంగతి ఆయనకి తెలవదు" అన్నారు.

అమ్మ సముద్రం వైపు నుంచి మొహం తిప్పలేదు. "మరి వత్తాడని ఎందుకు రాసినాడు?"

"సదివినోళ్ళు సంతోషిస్తారని."

"మా ఆయన రాడా?"

టీచర్ అమ్మ చెయ్యి పట్టుకుని, "రాడమ్మా" అన్నారు. ఆ మాట అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు. రాడు అన్న ఆ రెండు అక్షరాలూ అనడానికి పేటలో ఒక్క మగాడికీ నోరు రాలేదు. అమ్మ చెయ్యి విడిపించుకుని లేచి ఇంటికి వెళ్ళిపోయింది. తర్వాత గడ్డి బొమ్మ చేశారు, కాల్చారు, అమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. కొన్నాళ్ళకి గంప ఎత్తింది. చెల్లి బతికింది. అయినా అమ్మ టీచర్ని క్షమించలేదు. "ఆయమ్మ మంచిదే గానీ, మా ఆయన్ని రెండోసారి తీసుకుపోయింది" అనేది. చివరిదాకా అదే అంది.

నేనూ చాలాకాలం బీరువా దగ్గరికి పోలేదు. ఆవిడే ఒకరోజు పిలిచారు. "ఇది మొత్తం సదివినాను రత్నం. ఇందులో తల్లి పోతాది. మరి రాదు. పిల్లలు ఏడుస్తారు, తర్వాత బడికెళ్తారు. పట్టుకెళ్తావా?" అన్నారు. పట్టుకెళ్ళాను. మా నాన్న కోసం నేను సరిగ్గా ఏడ్చింది ఆ పుస్తకం చదివినప్పుడే. ఆ తర్వాత ఆవిడ ఏ పిల్లకి ఏ పుస్తకం ఇచ్చినా ముందు చివరి పేజీ చెప్పేవారు. "చెప్పేత్తే ఇంకేటి సదువుతాం టీచర్" అని పిల్లలు గోల చేస్తే, "అయితే సదవకు, పో" అనేవారు. పోయినవాళ్ళు తక్కువ.

ఏళ్ళు గడిచాయి. నేను పనిచేసే ఆస్పత్రికే ఆవిడని కడుపులో క్యాన్సర్‌తో తీసుకొచ్చారు. పాతపట్నంలో టైలరింగ్ షాపున్న తమ్ముడు వెంట వచ్చాడు. ఆవిడకి పెళ్ళి కాలేదు, ఉన్నది అతనొక్కడే. నన్ను వరండాలోకి పిలిచి, "అక్కకి అల్సర్ అని చెప్పినాం. మీరూ అదే అనండమ్మా, తట్టుకోలేదు" అని బతిమాలాడు. సరేనన్నాను. సెలైన్ మారుస్తుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు.

"రిపోర్టు సదివినావా రత్నం?"

"డాక్టరు గారు చెప్తారు టీచర్."

"డాక్టరుకి నాను పుస్తకాలు ఇవ్వనేదు. నీకిచ్చినాను. సివర్న ఏటుందో చెప్పు."

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఒడ్డున ఇసకలో కూర్చున్న ఆ నల్ల బురఖా కళ్ళముందు కదిలింది. "నయం కాదు టీచర్. రంజాను దాకా కష్టం" అన్నాను. ఆవిడ ధైర్యంగా నవ్వారని రాయాలని నాకు ఎంతో ఉంది. నవ్వలేదు. గోడవైపు తిరిగి చిన్నపిల్లలా ఏడ్చారు, నేను పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాను. మర్నాడు తమ్ముణ్ణి మంచం మీద కూర్చోబెట్టుకుని, తలుపు వేయించి, చాలాసేపు మాట్లాడారు. బయటికి వచ్చినప్పుడు అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. రంజాను నెల మొదలవకముందే ఆవిడ పోయారు. అతను ఇప్పటికీ నాతో మాట్లాడడు. మా అమ్మ కోపాన్ని ఆవిడ ఎలా మోశారో, అతని కోపాన్ని నేనూ అలాగే మోస్తున్నాను. దించేవాళ్ళెవరూ లేరు.

ఇవాళ కూర కూడా వండలేదు. డ్యూటీకి వెళ్ళేలోగా పుస్తకం పూర్తిచేయాలని కూర్చున్నాను. చాలా బాగా రాశారు. చివరికొచ్చేసరికి నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఆఖరి పేజీలో అన్న రైలు దిగి, సంచీ భుజాన వేసుకుని వచ్చి ఇంటి గేటు తీస్తాడు. చెల్లి పరుగెత్తుతుంది. ఇంకెవరికైనా అయితే తప్పకుండా చదవమని చెప్పేదాన్ని. ఫోన్ తీసుకుని ఆ అమ్మాయికి రాశాను.

'వచ్చేస్తాడమ్మా. ఇది నీకు ఇప్పుడు వద్దు. నా దగ్గర ఇంకొకటి ఉంది, మొత్తం చదివాను. అందులో అన్న రాడు. పంపించనా?'