సైరన్ మోగే వేళ

మధ్యాహ్నం ఉక్కపోతలో గాజువాక బస్సెక్కాను. నిలబడే ఓపిక లేదు. సీట్లో ఒక్కత్తే కూర్చున్న చిన్నపిల్లను వెనకనుంచి చూసి "కొంచెం జరుగు పాపా" అన్నాను. ఆమె తిరిగి చూసింది. జుట్టు సగం నెరిసి ఉంది. ఏమీ అనుకోకుండానే పక్కకు జరిగింది. ఆమె కాళ్ళు బస్సు నేలకు అందక వేలాడుతున్నాయి.

బస్సు ట్రాఫిక్‌లో ఆగిపోయింది. ఆమె బాక్సు తీసి పెరుగన్నం రెండు ముద్దలు తిందో లేదో, ఫ్యాక్టరీ సైరన్ మోగింది. వెంటనే, చప్పుడు కాకుండా మూత పెట్టేసింది.

"అదేటక్కా, ఆపేశావు?"

"నాన్న డూటీ దిగీ టైము. ఆయనొచ్చేలోగా తినీసి గదిలో దూరిపోవాల. గిన్నె సప్పుడైనా బెల్టు తీసీవోడు. మా అమ్మ వైపు అందరూ పొడుగే. ఆ బయానికి నాను పదేళ్లకే ఎదక్కుండా ఆగిపోనాను. ఇప్పుడు బీపీ, కడుపులో పుండు. డాక్టరేమో కారం మానీమంతాడు."

"మీ నాన్న ఇప్పుడు..."

"పోయి సానా ఏళ్లయింది. ఆ సంగతి నాకు తెలుసమ్మా. ఈ కడుపుకే ఇంకా తెలీలేదు."

విసుగ్గా పొట్ట మీద చెయ్యేసుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. బాక్సు మళ్ళీ తెరవకుండానే తన స్టాపులో దిగిపోయింది.

మా నాన్నదీ ఆ ఫ్యాక్టరీలోనే ఉద్యోగం. సైరన్ వినబడితే మేం కంచాలు పెట్టుకుని ఆయన కోసం చూసేవాళ్ళం. ఇప్పటికీ ఆ మోతకే అన్నం వడ్డిస్తాను. మొదటి ముద్ద మాత్రం, ఆ రోజు నుంచి, సైరన్ ఆగేదాకా చేతిలోనే ఉంటుంది.