లంగాలు కుట్టిన కాలు

పొరుగు రాష్ట్రంలోని నార్పోలికి వలసపోయిన మనవాళ్లు మరమగ్గాల్ని సాంచాలంటారు. ఆ సాంచాల మధ్య నిలబడి నిలబడి నాగయ్య సగం చెవులు పోగొట్టుకున్నాడు. అతని భార్య చంద్రవ్వ ఇంట్లో మోటారు మిషను మీద లంగాలు కుట్టీ కుట్టీ నడుము పోగొట్టుకుంది. నాగయ్యది పని అంటారు. చంద్రవ్వది మాత్రం ‘ఖాళీగ ఉన్నప్పుడు కుట్టుకుంటది’ అంటారు. ఆ ఖాళీ ఏ పూట దొరుకుతుందో అనేవాళ్లే చెప్పాలి.

నాలుగు గోడల నుంచి బయటపడాలని చంద్రవ్వ డ్రైవింగు నేర్చుకుంది. కాళ్లు రెండే ఉంటే తొక్కేవి మూడేమిటని క్లచ్చును తిట్టుకుంటూ, సిగ్నలు సిగ్నలుకూ బండి ఆపేసుకుంటూ, ఎలాగో లైసెన్సు సంపాదించింది. పని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. “ఆడమనిషి చేతికి బండి ఇయ్యాల్నా?” అన్నారు.

అప్పుడే రాజమణి కొత్త కారు కొంది. ఆమెకు నార్పోలిలో సాంచాల షెడ్డు, కాల్హేరులో గోదాము ఉన్నాయి. చంద్రవ్వకు లంగాల బట్ట ఇచ్చేదీ ఆమే. కారు చిన్నది, ఇరుకు సందులోనూ ఇట్టే తిరుగుతుంది. కరెంటు బండి కాబట్టి చప్పుడు లేదు, పొగ లేదు. దూకుడు మాత్రం పెద్ద కార్లకు కూడా ఉండదు. లారీల మీద తల నెరిసిన డ్రైవరు గాలయ్య లారీని తొక్కినట్టే తొక్కాడు. కారు ఎగిరి దూకింది. బెదిరిపోయిన అతని ఎడమ కాలు లేని క్లచ్చు కోసం వెతికి బ్రేకు మీద పడింది. రాజమణి చేతిలోని చాయ్ చీర మీద పడింది. ఆ వారమంతా అదే వరస.

“అక్కా, నాతోని గాదు. ఇది బండి గాదు, పిచ్చి కోడె!” అని గాలయ్య తాళం బల్ల మీద పెట్టేశాడు.

కుట్టిన లంగాల మూట దించుతున్న చంద్రవ్వ అది విన్నది. “నేను తోల్త, అక్కా. లైసెన్సు ఉన్నది.”

రాజమణి ఆమెను కింది నుంచి మీది దాకా చూసింది. “సరే. చాయ్ గిలాస పట్టుకొని కూసుంట. కాల్హేరు దాక చీర మీద సుక్క పడకుంటే నౌకరీ నీదే. పడ్డదనుకో, మల్ల లంగలే.”

వేడుక చూడాలని గాలయ్య వెనక సీట్లో ఎక్కాడు.

షెడ్డు గేటు దాటారో లేదో, బట్ట తాన్లు మోస్తున్న తోపుడు బండి అడ్డొచ్చింది. చంద్రవ్వ చప్పున కాలు తీసింది. కుడి చెయ్యి దానంతటదే పక్కకు ఎగిరి కిటికీ అద్దాన్ని ఠప్పున కొట్టింది.

“ఎవలకు సలాం కొడ్తున్నవ్, చెల్లె?” అన్నాడు గాలయ్య.

మిషను ఆపాలంటే కాలు తీసి, కుడి పక్క చక్రాన్ని చేత్తో పట్టుకోవాలి. ఏళ్ల అలవాటు! చక్రం లేదు గానీ, కాలు తీయగానే కారు తనంతట తానే మెల్లబడి నిలిచిపోయింది. చంద్రవ్వ ముఖం వెలిగింది.

“అన్నా, ఇది నా మిషనే!”

“ఐతే దారం ఎక్కియ్.”

ఇక ఆమె కుట్టుకుంటూ పోయింది. గుంతల దగ్గర, గుడ్డ మూల తిప్పేటప్పటిలా కాలు ఊరికే ఆనించింది. ట్రాఫిక్కులో అంచు మడిచినట్టు అంగుళం అంగుళం జరిపింది. కాల్హేరు దగ్గర మాత్రం ఒక కంటైనరు లారీ పక్క గోదాములోంచి చూడకుండా వెనక్కి వచ్చేసింది. వెనక టెంపో, రెండో పక్కన గోడ. ముందు మాత్రం ఖాళీ. తిన్నని కుట్టుకు తొక్కినట్టు చంద్రవ్వ కాలు నిండా దించింది. అడుగు కిందున్న మోటారు బలమంతా ఒక్కసారి లేచి, కారు కంటైనరు తోకను తప్పించుకుని బయటపడింది. ఆమె మెల్లగా కాలు వదిలింది. రాజమణి గ్లాసులో చాయ్ అంచు దాకా లేచి, మళ్లీ లోపలికే వాలింది.

గోదాము ముందు ఆగగానే గాలయ్య ముందుకు వంగి చీర మీద మరకలు వెతికాడు. రాజమణి ఖాళీ గ్లాసు బోర్లించి చూపించింది.

“దేవులాడకు. తాగేసిన. నీ బండ్ల ఒక్క గుక్కన్న తాగనిచ్చినవా? చంద్రవ్వా, రేపటి సంది రా.”

“ఒక్క మాటక్కా. గాలన్న జీతమే నాకు. నేను తోల్తే బండి తక్కువ తిరగదు గద?”

రాజమణి తానూ ఆడమనిషే అయినా తగ్గించే ఇద్దామనుకుంది. ఈ జబ్బు మగవాళ్లకే ఉంటుందనుకోవడం మన పొరపాటు. చంద్రవ్వ తాళం చేతిలోనే పట్టుకుని ఎదురుచూసింది.

చివరికి రాజమణే నవ్వేసింది. “గంతే ఇస్త. గిలాస పట్టు, తాళం నీకాడనే ఉంచుకో.”

గాలయ్య గోదాము టెంపోకు మారాడు. క్లచ్చు దొరికింది కాబట్టి సంతోషమే. కానీ టెంపోలూ కరెంటువే వస్తాయని విని ఒక సెలవు రోజు చంద్రవ్వ ఇంటికొచ్చాడు.

“నాకు గూడ నేర్పు, చెల్లె.”

“నేర్పుత. ముందుగల ఒక లంగ కుట్టు.”

గాలయ్య మిషను ముందు కూర్చుని కాలు దించాడు. సూది కాల్హేరు దాకా పోయేట్టు పరుగెత్తింది. దారం తెగింది. బట్ట ముద్దయింది. సగం చెవుల నాగయ్యకు కూడా ఆ మోత వినిపించి లోపలి నుంచి వచ్చాడు.

“ఏందన్నా, మా లంగ మీద లారీ ఎక్కిచ్చినవ్?”

“హారన్ గూడ కొట్టలే!” అని చంద్రవ్వ నవ్వుతూ ఆ ముద్దను లాగి, కొత్త గుడ్డ పెట్టింది. “మెల్లగ, అన్నా. కాలు ఆనియ్యి, తొక్కకు.”