గాలిమర ఎక్కని డాబా

2022 మే నెల. చిలకలూరిపేటలో సోలార్ ప్యానెళ్లు, ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్మి బిగించే షాపు నాది. అప్పటికే ఈ పనిలో పద్దెనిమిదేళ్లయింది. ఆడమనిషి నిచ్చెనెక్కి వైర్లు బిగిస్తుందా అని నోరెళ్లబెట్టినవాళ్లే తర్వాత తమ చుట్టాల్ని కూడా నా దగ్గరికి పంపారు. ఇళ్ల మీద పెట్టుకునే విండ్ టర్బైన్లు, అంటే చిన్న గాలిమరలు, ఆ ఏడే తెప్పిద్దామనుకున్నాను. మొదటిది ఎవరి డాబా మీద తిరుగుతుందా అని నాకు ఒకటే ఉబలాటం.

సరిగ్గా అప్పుడే వచ్చారు కోటేశ్వరరావు గారు. మార్టూరు అవతల చేలో ఇల్లు, మిరప వ్యవసాయం. కుర్చీలో కూర్చోకముందే, "మేడమ్, మాకు గాలిమర కావాలి. మా దగ్గర గాలికేం తక్కువ? కల్లంలో కాయ ఎండబోస్తే టార్పాలిన్ పట్టాలు పట్టుకుని మనుషులే లేచిపోతారు" అన్నారు.

అవసరం మాత్రం ఆయన భార్య శేషారత్నం గారిది. ఆవిడ ఇంట్లో ఇంక్యుబేటర్ పెట్టుకుని నాటుకోడి పిల్లల్ని తీసి అమ్ముతారు. కోడి పొదిగినట్టే గుడ్లకు ఇరవై ఒక్క రోజులు ఆగకుండా వెచ్చదనం ఇచ్చే పెట్టె అది. కరెంటు గంటల తరబడి పోయి అప్పటికే రెండు విడతల గుడ్లు పాడయ్యాయి. "పగలగొట్టి చూస్తే ముక్కులు కూడా వచ్చేశాయమ్మా. రెండు రోజులు అన్నం సయించలేదు" అన్నారావిడ, నేను ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు. పెళ్లయిన ఇన్నేళ్లలో తనంతట తాను మొదలుపెట్టిన మొదటి పని అది. కార్తీకంలో మూడోసారి పెడతానని, అదీ పోతే ఇక పెట్టె అమ్మేస్తానని గట్టిగా అనేసుకున్నారు.

డాబా మీద గడకర్ర నిలబెట్టి యానిమోమీటర్ బిగించాను. గాలి వేగం కొలిచే మీటరు అది. ప్రతి మరకూ కట్-ఇన్ స్పీడ్ అని ఒకటుంటుంది. గాలి ఆ వేగం దాటితేనే కరెంటు పుడుతుంది. మూడు వారాలు చూశాను. జూన్ వచ్చేసరికి పడమటి గాలి హోరెత్తింది, అంకెలు బ్రహ్మాండంగా వచ్చాయి. కోటేశ్వరరావు గారైతే మర నిలబెట్టే దిమ్మెకి గ్రానైట్ రాళ్లు కూడా దింపించేశారు, ఊరంతా చెప్పేసుకున్నారు. నేనూ ఆర్డర్ ఫారం పట్టుకుని హుషారుగా వెళ్లాను.

శేషారత్నం గారు వసారాలో కందులు చెరుగుతున్నారు. నేనిచ్చిన గాలి అంకెల కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదంతా ఎప్పటి గాలమ్మా?" అని అడిగారు.

"ఈ మూడు వారాలదండి."

ఆవిడ ఫక్కున నవ్వారు. "నేను గుడ్లు పెట్టేది చలికాలంలో కదా. ఆ రోజుల్లోనే మేము కందులు కొట్టేది. తూర్పారబడదామని చేట పట్టుకుని పొద్దుటినుంచి నిలబడితే ఆకు కదలదు. చివరికి టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టుకున్నాం. గాలి కోసం ఫ్యాను పెట్టుకున్న ఇల్లమ్మా ఇది!"

"అదేంటే, మొన్న కల్లంలో పట్టాలు లేచిపోలా? నలుగురం పట్టుకుంటే ఆగాయా?" అని కోటేశ్వరరావు గారు గయ్యిమన్నారు.

"లేచాయి. ఏడాదికి నాలుగు రోజులు లేస్తాయి. మిగతా రోజుల సంగతి నీకేం గుర్తుంటుందయ్యా?"

మిరపకాయ ఎండబెట్టేవాళ్లకు వచ్చిన గాలే గుర్తుంటుంది, నష్టం చేసేది అదే కాబట్టి. కందులు తూర్పారబట్టే మనిషికి రాని గాలి గుర్తుంటుంది. చదువుకున్నదాన్ని, ఉబలాటం కొద్దీ గాలి బాగా వీచే కాలంలోనే కొలిచి, ఆ మూడు వారాలనే ఏడాదనుకున్నాను. బుద్ధి గడ్డి తిన్నది. ఫారం మడిచి సంచిలో పెట్టేశాను.

"రావు గారూ, గాలిమర వద్దండి. సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీ పెడతాను. కరెంటున్నప్పుడు కరెంటుతో, ఎండున్నప్పుడు ఎండతో బ్యాటరీ నిండుతుంది. మీటరు చలికాలం దాకా ఇక్కడే ఉంచుతా, మీరే చూడండి."

"అమ్మేవాళ్లే వద్దంటే ఎట్టా మేడమ్? ఊళ్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అని ఆయన విసురుగా చేలోకి వెళ్లిపోయారు. శేషారత్నం గారు సరేనన్నాక ప్యానెళ్లు బిగించాను. ఆ రెండు రోజులూ ఆయన డాబా మెట్లెక్కలేదు. మజ్జిగ మాత్రం పంపించారు.

కార్తీకంలో గుడ్లు పెట్టారు. ఇరవయ్యో రోజున వాయుగుండం పట్టుకుంది. ముందురోజు నుంచే ఎండ లేదు, పొద్దున్నే కరెంటు పోయింది, ఈదురుగాలి. కోటేశ్వరరావు గారి ఫోను. "చూశారా మేడమ్ గాలి! మర ఉంటే ఈపాటికి ఊరికంతా కరెంటు ఇచ్చేవాణ్ని!"

"ఇంత గాలికి మరను ఆపి కట్టెయ్యాలండీ. లేకపోతే రెక్కలు ఊడి మీ చేలోనే పడతాయి."

"గాలి లేకపోతే తిరగదు, ఉంటే తిప్పకూడదు! ఇదేం మరమ్మా!" అని తొలిసారి నవ్వారాయన. వెనక నుంచి శేషారత్నం గారి కేక వినిపించింది: "కబుర్లాపి ఆ బ్యాటరీ సంగతి చెప్పవయ్యా, సగం దిగిపోయింది!"

గాలిమర వద్దన్నది నేనే. ఇప్పుడు ఆ పెట్టె చల్లబడితే ఆవిడ మొహం ఎలా చూడను? షాపులో ఉన్న బ్యాటరీ కారులో పడేసుకుని వానలో బయల్దేరాను. వెళ్లేసరికి పెట్టె చుట్టూ దుప్పట్లు కప్పి, పక్కనే పీట వేసుకుని కూర్చున్నారావిడ. కోటేశ్వరరావు గారే గొడుగు పట్టి నా చేత బ్యాటరీ కలిపించారు. ఆవిడ పెట్టె గాజులోంచి చూపించారు, ఒక గుడ్డు మీద సన్నని పగులు. లోపలి నుంచి టిక్ టిక్ మంటోంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, ఆవిడకీ ఆగలేదు. కరెంటు మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేదు. ఈలోపే పెట్టె నిండా పిల్లలు.

చలికాలమంతా మీటరు అంకెలు కోటేశ్వరరావు గారే రాసి పంపారు. చాలా రోజులు కట్-ఇన్ స్పీడ్ అందనేలేదు. తర్వాత సముద్రం ఒడ్డున వాడరేవు వైపు రెండిళ్లకు గాలిమరలు పెట్టాను, ఏడాది పొడుగునా కొలిచాకే. ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా మీటరు తీసేముందు ఆ ఇంటి ఆడవాళ్లను కూర్చోబెట్టి, గాలి కోసం ఎదురుచూసిన రోజులేవో చెప్పించుకుంటాను. నాకు ఆ బుద్ధి ముందే ఉండాల్సింది.

పోయినేడు శేషారత్నం గారు ఫోను చేశారు. "రెండో పెట్టె కొన్నానమ్మాయ్. వైరింగుకి ఎప్పుడొస్తావ్?" చేతిలో పని పక్కనపెట్టి ఆ పూటే వెళ్లాను.