దిగని చెయ్యి

పెళ్లి బరాత్ ఎదురైతే నేనిప్పటికీ రోడ్డు పక్కన ఆగిపోతాను.

ఆ రోజు వరంగల్ బస్టాండులో నర్సంపేట బస్సు కోసం కూర్చున్నాను. పక్కనే టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఫోన్లో ఒకే పాత వీడియో మళ్లీ మళ్లీ చూస్తున్నాడు. కుర్చీలో ఒక ముసలి తెల్లదొర, ఆయనకెదురుగా వందమంది వాయించేవాళ్లు.

"ఎవరు చాచా?" అన్నాను.

"జర్మనీ ఆయన బిడ్డా. పక్షవాతమొచ్చి కుడి దిక్కు పడిపోయింది. అయినా ఏండ్లకేండ్లు గిట్లనే కూసోని అంతమందిని నడిపిచ్చిండు."

అప్పుడు గమనించాను, చాచా కుడిచెయ్యి కూడా ఒళ్లో కదలకుండా పడి ఉంది. పెళ్లి బ్యాండుకు మాస్టరట. జబ్బు చేశాక మొదటి బరాత్ ఆ సాయంత్రమేనట.

"నా చెయ్యి చూసి పన్నెండుమంది ఒక్కసారే పాట ఎత్తుకోవాలె. ఒక్కడు ముందుగాల ఊదినా, మాస్టర్ పని అయిపోయిందంటరు. జర సాయం జెయ్యి బిడ్డా. ఈ ఎడమ చెయ్యి దించంగనే ఒక్క చప్పట కొట్టు."

మొదటిసారి ఆలస్యంగా కొట్టాను. రెండోసారి ఆ చెయ్యి ఎంత వణికిందంటే, దించాడో లేదో నాకు తెలియలేదు. ఆయన నుదుటి నిండా చెమట. ఇంతలో మా బస్సు వచ్చింది, జనం ఎగబడుతున్నారు.

"ఇంకొక్కసారి," అన్నాడు.

ఆ వణుకు చూడలేక ఈసారి ఆయన ముఖంలోకి చూశాను. గట్టిగా ఊపిరి పీల్చాడు, కళ్లు పెద్దవయ్యాయి. ఠక్కున చప్పట కొట్టాను.

ఆయన తలెత్తి తన ఎడమ చేతి వంక చూసుకున్నాడు.

"ఇంకా దించలే బిడ్డా," అన్నాడు.

నిజమే. చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఎత్తుకొమ్మని నాకు చెప్పింది ఆయన ఊపిరీ, కళ్లూ.