మందంగా ఉన్న చోటు

కారు మీద పెయింట్ ఎంత మందం ఉందో చెప్పే మీటరు ఒకటి నా దగ్గర ఉంది. అరచేతిలో పడుతుంది. రేకుకు ఆనిస్తే కుయ్యిమని కూసి ఒక అంకె చూపిస్తుంది. కంపెనీలో వేసిన పెయింటైతే నూరుకు కాస్త అటూ ఇటూ వస్తుంది, అంటే తల వెంట్రుక కంటే కొంచెం మందం. పాలిష్ అంటే పైన ఏదో పూస్తామనుకుంటారు జనం. పూయడం కాదు నాయనా, గీతలు పోయేదాకా పై పొరను అరగదీయడం. ఎంతుందో తెలియకుండా అరగదీస్తే రేకు బయటపడి మన పరువు పోతుంది. అందుకే మీటరు.

నంద్యాలలో ఆళ్లగడ్డ రోడ్డు మీద నా షెడ్డు. మీటరు చూసుకునేది మన చేతి కోసమే గానీ కస్టమరు చెవి కోసం కాదని, నాకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పేవాడు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లు బతికాను. నోరు తెరిస్తే బేరం చెడుతుంది, బేరం చెడితే బ్రోకర్లు మన షెడ్డు వైపు చూడరు.

పోయిన ఎండాకాలం పాత కార్లు అమ్మే బ్రోకరొకడు తెల్ల కారు తెచ్చాడు. నాకు తప్పకుండా పని తెచ్చే మనిషి. అలవాటు కొద్దీ మీటరు పెట్టుకుంటూ పోయాను. బానెట్ నూట ఎనిమిది. డోర్లు నూటపది, నూట పన్నెండు. పైకప్పు మీద పెడితే నాలుగు వందల అరవై. ముందు అద్దానికి ఎడమ పక్కన కప్పును మోసే పిల్లరు ఉంటుంది, దాని మీద ఏడు వందల తొంభై. మీటరు తుడిచి మళ్లీ పెట్టాను. అదే అంకె. కింద దట్టంగా పుట్టీ పెట్టి పైన రంగు కొట్టారన్నమాట. డోరుకు పుట్టీ ఉంటే ఏ స్కూటరువాడో గుద్దాడనుకోవచ్చు. కప్పుకూ పిల్లరుకూ ఉందంటే ఆ కారు బోల్తా కొట్టింది. వంగిన పిల్లరును సుత్తితో కొట్టి నిలబెట్టారు. ఇంకోసారి పల్టీ కొడితే అది నిలవదు, ఎడమ సీట్లో కూర్చున్నవాళ్ల మీదికి మడతపడుతుంది.

బ్రోకరును అడిగితే, అదంతా నాకెందుకని, మెరిపిస్తే చాలని అన్నాడు. మెరిపించాను. మూడు రోజులు ఒళ్లు దాచుకోకుండా చేశాను. పైన పటారం లోన లొటారం అంటారే, ఆ పటారం నా చేతిదే.

పది రోజులకు అదే కారు నా షెడ్డు ముందు ఆగింది. దిగినాయన ఆళ్లగడ్డలో బడిపంతులు. ఎడమ సీట్లోంచి ఆయన భార్య డోరు పట్టుకుని మెల్లగా దిగింది. ఆరో నెల. నెలనెలా నంద్యాల ఆసుపత్రిలో చూపించుకోవాలి, బస్సులో కుదుపులు పడకూడదని ఈ కారు కొన్నారట. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేశారట. నా మీటరు సంగతి ఎవరో చెబితే, ఎందుకైనా మంచిదని చూపించడానికి వచ్చారు.

తేలు కుట్టిన దొంగలా అయింది నా పని. మీటరు ఆయన చేతికే ఇచ్చేశాను. అంకెలు ఆయనే చూసుకుంటే చెప్పే బాధ నాకు తప్పుతుందని. ఛీ, పిరికివాడి తెలివి అట్లాగే ఉంటుంది. ఆయన ఒక్కోచోటా పెట్టి కాగితం మీద రాసుకున్నాడు. కప్పు దగ్గరికొచ్చేసరికి ముఖం విప్పారింది. పిల్లరు దగ్గరైతే భార్యను కేకేసి పిలిచాడు.

"చూడు, నువ్వు కూచునే కాడ ఏడింతలు దట్టంగా ఏసినారు. మనిషి కూచుంటాడని ఆలోచన చేసినారు కంపెనీవోళ్లు."

ఆయనను తప్పుపట్టలేను. కొలిమిగుండ్ల వైపు ఇంటికి పరిచే నాపరాయి బండలు కొనే జనం మేము. బండ చేతికి రాగానే ముందు అంచు చూస్తాం, మందంగా ఉంటే గట్టిదని లెక్క. ఆయన కారును కూడా అట్లాగే చూశాడు. ఇక తను ఎప్పుడూ అక్కడే కూర్చుంటానని ఆమె నవ్వుతూ నా వైపు చూసింది. నేను తల ఊపాను.

ఆనాటి నుంచి అంబులెన్సు కూత వినబడితే పాలిష్ మిషను ఆపి, ఏ వైపు నుంచి వస్తోందోనని రోడ్డు మీదికి పోయేవాణ్ణి. ఆళ్లగడ్డ వైపు నుంచైతే అది దాటిపోయేదాకా అక్కడే నిలబడేవాణ్ణి. ఏమైందని నా భార్య అడిగితే ఊరికే కసిరాను. పంతులుగారికి రెండుసార్లు ఫోను కలిపి పెట్టేశాను. మూడోసారి ఆయన ఎత్తాడు. నేను నోరు విప్పేలోపే, రేపు చెకప్పుకు వస్తున్నామని, ఆ సీటు వాల్చుకుంటే ఆమెకు నంద్యాల దాకా హాయిగా నిద్ర పడుతోందని చెప్పాడు. మరుసటి రోజు తెల్లవారుజామునే ఆళ్లగడ్డ బస్సెక్కాను.

నేను పోయేసరికి ఆమె అప్పటికే ఎడమ సీట్లో కూర్చుని ఉంది. ఆయనను ఇంటి పక్కకు పిలిచి అంతా చెప్పాను. బోల్తా, పుట్టీ, బ్రోకరు. చివరికి నా పాలిష్ సంగతీ చెప్పాను.

ఆయన అరవలేదు. అరిచి రెండు తన్ని ఉంటే బాగుండేది.

"మీటరు నా చేతికిచ్చిన పొద్దే నీకు తెలుసునా?" అన్నాడు.

తెలుసన్నాను.

ఇంకో బండి కోసం రెండు చోట్లకు ఫోన్ చేశాడు. దొరకలేదు. ఆమెకు ముందు రోజు నుంచి కాళ్లు వాచి ఉన్నాయి, డాక్టరు ఆలస్యం చేయొద్దన్నారట. ఆమెను దింపి డ్రైవరు సీటు వెనక కూర్చోబెట్టాడు. ఎందుకని ఆమె అడిగితే, ముందు ఎండ పడుతుందన్నాడు. నేను తల వంచుకుని బస్టాండు వైపు నడవబోతే పిలిచాడు. ఎడమ డోరు తెరిచి పట్టుకుని ఉన్నాడు.

"యాడికి పోతాండావ్? నువ్వూ నంద్యాలకే కదా. కూచో."

కూర్చున్నాను. పిల్లరు నా తలకు జానెడు దూరంలో ఉంది. ఆయన నా వైపు చూడకుండా బండి తీశాడు. పెద్ద రోడ్డెక్కేసరికి ఎదురుగా లారీలు. బెల్టు పెట్టుకుందామంటే, చూపు పిల్లరు మీదే ఉండి కొక్కెం పడటం లేదు. అది చూసి ఆమె వెనక నుంచి ముందుకు వంగింది.

"భయం లేదులేన్నా," అంది. "ఆడ శానా గట్టిగా ఉంటాది."