తెర మీది చేప

ద్వారక నుంచి క్యాబులో గురుగ్రామ్‌ ఆఫీసుకు వచ్చే కిరణ్మయి రోజూ చేపల్ని చంపుతుంది, ఒక్క చేపనూ చూడకుండానే. కొత్త రసాయనం నిర్మాణాన్ని కంప్యూటరుకు ఇస్తే, నీళ్లలో అది ఎంత కలిస్తే నాలుగు రోజుల్లో సగం చేపలు చస్తాయో మోడల్ లెక్కగట్టి చెబుతుంది. భీమవరంలో చదువుకునే రోజుల్లో ఈ పని తొట్టెల్లో, బతికున్న చేపలతో చేసేవాళ్లు. గాజుకడ్డీతో తోకను మెల్లగా తాకాలి. కదలకపోతేనే పోయిందని రాయాలి. ఆ అలవాటు ఆమె చేతిని ఇంకా వదల్లేదు. ఆలోచనలో పడితే పెన్నుతో తెరను తాకుతూ కూర్చుంటుంది.

ఆ మంగళవారం బట్టలకు వేసే ఒక కొత్త రంగుకు మోడల్ చేపలకు ముప్పు లేదనే మంచి అంకే ఇచ్చింది. దాని కిందే ఎర్రక్షరాల్లో హెచ్చరిక: ఇలాంటి పదార్థం మోడల్‌కు తెలియదు, ఈ అంకెను నమ్మవద్దు.

“ఇది ఉత్త ఊహేనండి. చేపల మీద పరీక్ష చేయించాలి. ఈ రంగు వాడే ఫ్యాక్టరీ నీళ్లు పోయేది నాలాలోకి కదండీ,” అంది కిరణ్మయి.

“నాలాలో చేపలు ఎక్కడున్నయ్ మేడమ్?” అన్నాడు మేనేజర్ భరద్వాజ్, ఆమెకంటే పదేళ్లు చిన్నవాడు. “క్లయింట్ ఆగడు. ఆ ఎర్ర లైన్ కట్ చేసి నంబర్ ఒక్కటే పెట్టేయండి. ఠీక్ హై?”

ఆమె కళ్లజోడు తీసి, చున్నీ కొంగుతో తుడిచి పెట్టుకుంది. ఎర్రక్షరాలను కత్తిరించింది. సంతకం చేసి రిపోర్టు పంపేసింది. తర్వాత, తెర మీద ఒంటరిగా మిగిలిన ఆ అంకెను పెన్ను మొనతో మెల్లగా తాకి చూసింది.

కదల్లేదు.